ఎనిమిదో చప్పుడు

ఓదెలు వయసు ముప్పై ఎనిమిది. అశోక్‌నగర్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. మూడు హాస్టళ్లు మారాడు. ఇప్పుడున్న గదిలో నాలుగు మంచాలు. కిటికీ వైపుది అతనిది. మంచం కింద ఒక రేకు పెట్టె, పెట్టెలో సర్టిఫికెట్లు, పెట్టె మీద పుస్తకాలు.

పొద్దున దోమలగూడకు నడిచి వెళ్లి ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పి వస్తాడు. తొమ్మిదికల్లా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటాడు. హాలు నిండితే బయట చెట్టు కింద. మధ్యాహ్నం డబ్బా అన్నం. సాయంత్రం ఒక చాయ్. గదిలో మిగతా ముగ్గురు అతనికంటే పన్నెండేళ్లో, పదమూడేళ్లో చిన్నవాళ్లు. వాళ్లు అన్న అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు మొదట సార్ అంటారు, ఏదో కోచింగ్ సెంటర్ మాస్టరు అనుకొని. తర్వాత తెలుస్తుంది. అప్పుడు వాళ్లే తల వంచుకొని పుస్తకం తిప్పుతారు.

2012లో అతను ఒక కార్పొరేషన్‌లో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగానికి పరీక్ష రాశాడు. కీ చూసుకుంటే నూటికి ఎనభై ఒకటి వచ్చాయి. మరుసటి ఏడు అతనికి వయసు దాటుతుంది. దాటాక ఏ ఉద్యోగానికీ ఫారం నింపే వీలు లేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఎంపికైనవాళ్లకు ఫోన్‌కు మెసేజ్ పంపుతామని నోటిఫికేషన్‌లో రాశారు. ఉత్తరాలు ఉండవు. బోర్డు మీద లిస్టు ఉండదు. మెసేజ్ వచ్చినవాళ్లు సర్టిఫికెట్ల పరిశీలనకు రావాలి.

ఓదెలు ఫోన్ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండేది.

*

అతని ఊరు ఆదిలాబాద్ జిల్లాలో బండలొద్ది. లొద్ది అంటే రెండు గుట్టల నడుమ పల్లం. ఊరికి కరెంటు వచ్చింది. బడి వచ్చింది. బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. నెట్ రాలేదు గనుక వాటి మీద గుడ్డ కప్పి ఉంచారు. ఫోన్లు ఇంటింటికీ వచ్చాయి. సిగ్నల్ మాత్రం గుట్ట దిగి రాలేదు. టవర్ గుట్టకు అవతల, మండల కేంద్రంలో ఉంది.

సోమవారం మండలంలో అంగడి. అంగడికి పోయే బాట గుట్ట మీదుగా పోతుంది. పైన మలుపులో ఒక బండ ఉంది. దాని పక్కన నిలబడితే ఫోన్‌లో రెండు గీతలు వస్తాయి. పది అడుగులు దిగితే పోతాయి. ఊరివాళ్లు అంగడికి పోతూ అక్కడ ఆగి ఫోన్లు తెరుస్తారు. మిగతా ఆరు రోజులు ఫోన్లు గూట్లో పడుకుంటాయి.

ఓదెలు తల్లి కమలవ్వ కూడా సోమవారం ఆ బండ దగ్గర ఆగుతుంది. ఆమెకు చదువు రాదు. మాట్లాడదామంటే బండ దగ్గర గాలికి, కింద అంగడి గోలకు మాట తెగిపోతుంది. సగం మాట విని ఇంటికి పోతే వారమంతా ఆ మిగతా సగం గురించే ఆలోచన. అందుకని కొడుకు ఒక పద్ధతి పెట్టాడు.

రోజూ పొద్దున లేవగానే అతను తల్లి ఫోన్‌కు ఒక మెసేజ్ పంపుతాడు. అందులో ఏమీ ఉండదు. ఒక చుక్క పెడతాడు, అంతే. మెసేజ్ అందకపోతే ఎంతకాలం ఆగాలో తన ఫోన్‌లో పెట్టుకునే చోట 'ఒక వారం' అని పెట్టాడు. సోమవారం కమలవ్వ బండ దగ్గర ఫోన్ తెరుస్తుంది. టుంగుమని మోగుతుంది. మళ్లీ మోగుతుంది. ఆమె వేలి గణుపుల మీద లెక్కపెడుతుంది. ఏడు మోగితే కొడుకు ఏడు రోజులూ బాగున్నాడు. ఫోన్ మూసి కొంగున కట్టుకొని అంగడికి దిగుతుంది.

కంపెనీ ప్రకటనలు వచ్చి లెక్క చెడగొట్టకుండా ఓదెలు వాటిని ఆపించాడు. ఇంటికి పోయినప్పుడల్లా పాత చుక్కలు తుడిచేసేవాడు. నాలుగేళ్లలో లెక్క ఒక్కసారే తప్పింది. అతనికి జ్వరం వచ్చిన వారం ఐదే మోగాయి. కమలవ్వ అంగడి మానుకొని సాయంత్రం దాకా ఆ బండ దగ్గరే కూర్చుంది.

*

ఆగస్టులో ఒక సోమవారం, ఓదెలు లైబ్రరీలో ఉండగా ఫోన్ వణికింది. తల్లి నంబరు. ఒకసారి వణికి ఆగిపోయింది. బయటికి వచ్చి తిరిగి చేశాడు.

"అవ్వా, ఏమైంది?"

"ఎనిమిదొచ్చినయ్ బిడ్డా."

"ఏం ఎనిమిది?"

"ఎనిమిది మోగినయ్. ఏడు గద మోగాలె. నీ పానం బాగుందా?"

"మంచిగున్న. నువ్వే ఎక్కువ లెక్కపెట్టినవేమో."

"నాకు లెక్క రాదారా? ఎనిమిది. ఏ దినం రెండుసార్లు కొట్టినవ్? ఎందుకు కొ..."

మాట తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

అతను చెట్టు కింద నిలబడి, పంపిన మెసేజ్‌లు తెరిచి చూశాడు. మంగళవారం నుంచి సోమవారం దాకా ఏడున్నాయి. ఎనిమిదోది లేదు. ఒకటి రెండుసార్లు పోయిందేమో అనుకున్నాడు. అట్లా ఎప్పుడూ కాలేదు.

రాత్రి గదిలో ఈ సంగతి చెప్పాడు. పక్క మంచం సురేశ్ విని నవ్వాడు. సురేశ్‌ది హుస్నాబాద్ దగ్గర పల్లె. ఇరవై అయిదేళ్లవాడు.

"మీ అవ్వకు ఇంకో కొడుకున్నడేమో అన్న. నీకు చెప్పలే."

"ఉంటే మంచిదే. జర నాకు గూడ సాయముంటుండె."

"ఆయన చుక్క పెట్టిండో, కామా పెట్టిండో చూడమను."

ఓదెలు కూడా నవ్వాడు. కాని నిద్ర ఆలస్యంగా పట్టింది. ఎనిమిదోది ఎక్కడి నుంచి వచ్చింది?

*

మంగళవారం లైబ్రరీ మెట్ల దగ్గర రాజకుమారి కనిపించింది. ఆమె నల్లగొండ వైపు నుంచి వచ్చి నాలుగేళ్లుగా చదువుతోంది. అదే పరీక్ష రాసింది.

"అన్న, నీకు ఏ రోజు పడ్డది?" అంది.

"ఏది?"

"సర్టిఫికెట్లు చూసేది. నాకు గురువారం. శనివారం సాయంత్రమే మెసేజ్ వచ్చె."

ఓదెలు ఆమె మార్కులు అడిగాడు. డెబ్బై ఎనిమిది. కేటగిరీ అడిగాడు. ఇద్దరిదీ ఒకటే. లోపలికి పోయి కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు. గంటసేపు అదే పేజీ. కీ తప్పు చూసుకున్నానా? జవాబు పత్రంలో ఒక గడి కిందికి దిద్దానా? మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

బుధవారం పొద్దున నారాయణగూడకు నడిచి వెళ్లాడు. కార్పొరేషన్ ఆఫీసు ఒక సందులో, మూడో అంతస్తు. కిటికీ వెనక ఉమాకాంత్ అనే గుమస్తా కూర్చొని ఉన్నాడు. ఓదెలు కంటే ఓ పదేళ్లు చిన్నవాడు.

"సార్, నాకు మెసేజ్ రాలే. ఎనభై ఒక్క మార్కులొచ్చినయ్."

"హాల్ టికెట్ నంబర్?"

చెప్పాడు. ఉమాకాంత్ కంప్యూటర్‌లో కొట్టాడు.

"సెలెక్ట్ అయినవ్ గద. మెసేజ్ పోయింది. చేరింది అని గూడ ఉంది."

"నాకు చేరలే సార్."

"డెలివర్డ్ అని ఉందన్న. శనివారం పంపినం. సోమవారం పొద్దున తొమ్మిది నలభైకి చేరింది."

 సోమవారం. తొమ్మిది నలభై. ఆ టైముకు కమలవ్వ ఎక్కడ ఉంటుందో ఓదెలుకు తెలుసు.

"సార్, ఏ నంబర్ ఉందక్కడ?"

"చివర మూడు సున్నలు, ఏడు."

అది తల్లి నంబరు.

కిటికీ పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాడు. గుర్తు చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫారం చిక్కడపల్లిలో ఒక నెట్ సెంటర్‌లో నింపారు. ఆఖరి రోజులు. వెనక లైను. నెట్ సెంటరతను తల ఎత్తకుండా అడుగుతున్నాడు. పేరు. తండ్రి పేరు. శాశ్వత చిరునామా. ఓదెలు బండలొద్ది అని చెప్పాడు. వెంటనే ఫోన్ నంబర్ అని అడిగాడతను. శాశ్వత చిరునామా కింద అడిగిన నంబరు గనుక, శాశ్వతమైన నంబరే చెప్పాడు. సిటీలో అతను తొమ్మిదేళ్లలో ఆరు సిమ్ములు మార్చాడు. ఏ కంపెనీ ఆఫర్ ఇస్తే ఆ సిమ్ము. ఆ గదిలో అందరూ అంతే. మారకుండా ఉన్న నంబరు తల్లిది ఒక్కటే. అప్పుడు అది సరైన జవాబులాగే ఉంది.

మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సార్, అది మా అవ్వ ఫోన్. ఊర్ల ఉంది. నాకు ఏ రోజు రావాలెనో చెప్పుండ్రి, వచ్చేస్త."

"రోజు నా దగ్గర లేదు. టోకెన్ నంబర్‌ను బట్టి రోజు. టోకెన్ మెసేజ్‌లనే ఉంటది."

"టోకెన్ చెప్పుండ్రి మరి."

"అదీ నా దగ్గర లేదు, మెసేజ్ మల్ల పంపనీకి గూడ నాకు రాదు. మేడం దగ్గర లిస్టు ఉంటది. ఎవరూ వచ్చి పైరవీ చేయొద్దని పెట్టిండ్రు. టోకెన్ చెప్తేనే పేరు తీస్తరు. పేరు చెప్తే టోకెన్ తియ్యరు."

"నా పేరు నాదే గద సార్."

"నీదే. కాదని ఎవరన్నరు? జర సమజ్ చేస్కో అన్న. నూట ఇరవై మంది. రేపటిసంది శనివారం దాకా, రోజుకు నలభై. మీ అవ్వను ఫోన్ల చూసి చెప్పుమను. రెండు నిమిషాల పని."

ఓదెలు అవునన్నట్టు తల ఊపాడు. రెండు నిమిషాల పనే. ఫోన్ గూట్లో ఉంది. గూడు లొద్దిలో ఉంది. వచ్చే సోమవారం దాకా అది లొద్దిలోనే ఉంటుంది.

*

తను పోదామంటే ఒక రాత్రీ ఒక పూటా ప్రయాణం. తిరిగి రావడానికి మళ్లీ అంత. తన రోజు గురువారమైతే పోవడం దండగ. శనివారమైతే సరిపోతుంది. శుక్రవారమైతే బస్సులో ఉండగా దాటిపోతుంది. ఏ రోజో తెలిస్తే పోవచ్చు. ఏ రోజో తెలిస్తే పోవలసిన పనే లేదు.

ఆఫీసు కింద నిలబడి మండలంలోని బుగ్గయ్యకు ఫోన్ చేశాడు. బుగ్గయ్యది ఎరువుల దుకాణం. అంగడికి వచ్చిన బండలొద్దివాళ్లు అక్కడ సంచులు పెట్టుకుంటారు. ఎవరినైనా పంపి తల్లిని ఫోన్‌తో గుట్ట మీదికి రమ్మని చెప్పించాలని ఓదెలు ఆలోచన.

"బుగ్గన్న, మా అవ్వ ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చిందట..."

"ఎక్కువ వచ్చిందే గద? తీసేసిన."

"ఏం తీసేసినవ్?"

"సోమారం మీ అవ్వ వచ్చి ఒక్కతీరుగ పరేషాన్ అయితుండె. ఏడుండాలె, ఎనిమిదున్నయ్, ఒకటి ఎక్కువుంది తియ్యి అన్నది. చూసిన. ఈ వారం వచ్చినవాట్ల ఏడింట్ల చుక్కలున్నయ్. ఒకదాంట్ల ఇంగ్లీషుల ఇంత పొడుగు రాసుంది. కంపెనోల్లది అనుకొని కొట్టేసిన. లెక్క సక్కగైందని మీ అవ్వ నిమ్మలంగ పోయింది."

ఓదెలు ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఏందిరా, పనిదా అది?"

"అందుల అంకె ఏమన్న ఉండెనా అన్న? యాదికున్నదా?"

"అంకెలు శానున్నయ్. ఏ అంకెని యాదికుంచుకుంట?"

"మంచిదన్న."

"తప్పు చేసిన్నా ఏంది?"

"లేదన్న. నువ్వేం తప్పు చేయలే."

అది నిజమే. బుగ్గయ్య తప్పు చేయలేదు. తల్లి తప్పు చేయలేదు. ప్రకటనలు ఆపించింది తనే. ఏడు దాటితే కీడు అని తల్లికి నేర్పింది తనే. ఉమాకాంత్ లెక్కలో మెసేజ్ చేరింది. ఓదెలుకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కోపం వస్తే నడవడానికి కొంచెం బలం ఉండేది. ఫ్లైఓవర్ కింద చాలాసేపు నిలబడి, ఏ బస్సూ ఎక్కకుండా నడిచే గదికి వచ్చాడు.

*

గురువారం పొద్దున తొమ్మిదింటికి సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని ఆఫీసుకు పోయాడు. లోపలికి ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు. ఎవరి రోజు వాళ్లు వచ్చి, మెట్ల మీద వరుసలో నిలబడి, తలుపు దగ్గర వాచ్‌మన్‌కు ఫోన్‌లో మెసేజ్ చూపించి పోతున్నారు. ఓదెలును వాచ్‌మన్ ఆపాడు. ఓదెలు రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అప్పటికి అతనికే స్పష్టంగా లేదు.

పదిన్నరకు అందరికంటే ముందు రాజకుమారి దిగి వచ్చింది.

"అయింది అన్న. నీ సంగతేంది?"

"నీ టోకెన్ ఎంత చెల్లె?"

"పదిహేడు."

ఓదెలు ఒక కాగితం తీసి పదిహేడు అని రాశాడు. రాసి దాన్ని చూశాడు. నూట ఇరవై మందికి నూట ఇరవై టోకెన్లు. వచ్చినవాళ్లవన్నీ రాసుకుంటే రానివాడిది మిగులుతుంది. రానివాడు తను.

రాజకుమారికి చెప్పాడు. ఆమె కాగితం తీసుకొని చూసింది.

"ఇంకెవరన్న రాకపోతే?"

"అప్పుడు రెండు మిగుల్తయ్."

"నేను గూడ కూసుంట. ఆడోళ్లను నేను అడుగుత. నువ్వడిగితే చెప్పరు."

అది నిజమే అయింది. మగవాళ్లు కూడా సులభంగా చెప్పలేదు.

"టోకెన్ ఎందుకన్న నీకు?" అన్నాడొకడు.

"నాది తెలుసుకుందామని."

"నీది తెలుసుకోడానికి నాదెందుకు?"

"నీది కాందే నాది."

అతను పక్కనున్నవాడి వైపు చూశాడు. "పొద్దుపొద్దుగాల ఎవడు దొరికిండ్రా" అని చెప్పి దిగిపోయాడు. నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగి, "ఇరవై రెండు. రాస్కో పో" అన్నాడు.

ఇంకొకడు దలాలువా అని అడిగాడు. ఇంకొకడు కూర్చొని కథంతా విన్నాడు. విని, తమ ఊళ్లో కూడా నీళ్ల ట్యాంకు ఎక్కితేనే సిగ్నల్ అని చెప్పి, టోకెన్ చెప్పడం మరిచి వెళ్లిపోయాడు. ఓదెలు వీధి చివరి దాకా పరుగెత్తి అడిగి వచ్చాడు.

సాయంత్రానికి నలభై మంది దిగారు. కాగితం మీద ముప్పై తొమ్మిది నంబర్లున్నాయి. ఇరవై ఆరు రెండుసార్లు ఉంది. ముప్పై నాలుగు లేదు.

"ముప్పై నాలుగే నీది అన్న" అన్నాడు సురేశ్, రాత్రి.

"నలభై మంది దిగిండ్రు. నేను లెక్కపెట్టిన. ఎవరో అబద్ధం చెప్పిండ్రు."

"టోకెన్ల గూడ అబద్ధమా? ఎవరు చెప్పిండ్రో యాదికున్నదా?"

ఓదెలుకు గుర్తున్నది ఒక ఎర్ర గీతల సంచి. సురేశ్ ఆ సంచిని ఎక్కడో చూశాడు. పక్క గల్లీ హాస్టల్‌లో. పొద్దున్నే ఇద్దరూ పోయి ఆ సంచి మనిషిని చాయ్ బండి దగ్గర పట్టుకున్నారు. అతను సిగ్గుపడ్డాడు.

"ఊకెనే చెప్పిన అన్న. ఎందుకడుగుతున్నవో తెల్వకపాయె. నాది ముప్పై నాలుగు."

శుక్రవారం సాయంత్రం కాగితంలో ఒక ఖాళీ మిగిలింది. యాభై ఎనిమిది. ఈసారి దిగినవాళ్లు ముప్పై తొమ్మిది మందే. ఓదెలు మూడుసార్లు లెక్కచూసుకొని ఉమాకాంత్ కిటికీ దగ్గరికి పోయాడు.

"సార్, నాది యాభై ఎనిమిది."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. అదొక్కటే మిగిలింది."

ఉమాకాంత్ ఆ కాగితం తీసుకొని కిందికీ పైకీ చూశాడు.

"రేపు రానోళ్లు గూడ ఉండొచ్చు గద? రోజు తప్పినోళ్లను శనివారం నాలుగు తర్వాత చూస్తరు. అప్పుడు రా. కాని ఒక్క నంబరే చెప్పు. తప్పు చెప్తే మేడం ఫైలు మూస్తది. ఇంక మల్ల తెరవదు."

శనివారం నాలుగింటికి తొంభై మూడు రాలేదు.

*

మెట్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. సురేశ్ తన క్లాసు మానుకొని వచ్చాడు. కాగితం మధ్యలో ఉంది. రెండు నంబర్లు. ఒక్కటే చెప్పాలి.

"మార్కులను బట్టి ఇచ్చిండ్రా చూద్దాం" అంది రాజకుమారి. ఆమెకు గుర్తున్న మార్కులు వేసి చూశారు. డెబ్బై ఎనిమిదికి పదిహేడు. ఎనభై నాలుగుకు నూట పది. డెబ్బై తొమ్మిదికి నూట రెండు. దేనికీ పొంతన లేదు. జిల్లాలను బట్టి చూశారు. లేదు. ఫారం నింపిన తేదీలను బట్టి చూశారు. మొదటి రోజు నింపినవాడు ఎనభై ఎనిమిది, ఆఖరి రోజు నింపినవాడు ఆరు. ఓదెలు జీవితంలో ఎన్నో వేల రీజనింగ్ లెక్కలు చేశాడు. ప్రతి వరుసకూ ఒక సూత్రం ఉండేది. ఇక్కడ ఉన్నట్టు లేదు.

"యాభై ఎనిమిదే చెప్పన్న" అన్నాడు సురేశ్. "మొదలు అదే మిగిలింది."

"మొదలు మిగిలితే నాదైతదా?"

"కాదు. కాని ఏదో ఒకటి చెప్పాలె గద."

నాలుగూ ఇరవై అయిదుకు, రోజు తప్పినవాడినని చెప్పి ఒక టోకెన్ నంబరు చెబితే, వాచ్‌మన్ అతన్ని లోపలికి వదిలాడు.

జయశ్రీ మేడం పెద్ద బల్ల వెనక కూర్చొని ఉన్నారు. ముందు ఒక లిస్టు, దాని మీద స్కేలు. కళ్లద్దాలు ముక్కు చివర ఉన్నాయి.

"మీ టోకెన్?"

ఓదెలు "యాభై ఎనిమిది" అన్నాడు.

ఆమె స్కేలు కిందికి జరిపారు. ఆపారు.

"ఇది అమ్మాయి పేరు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఓదెలు కదలలేదు. ఫైలు మూస్తారని చూస్తున్నాడు. ఆమె ఫైలు ముట్టుకోలేదు.

"వేరే ఏమన్న ఉందా?"

"తొంభై మూడు, మేడం."

స్కేలు ఇంకా కిందికి జరిగింది.

"పేరు?"

చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు.

"అదే. ముందే అది చెప్పొద్దా? సర్టిఫికెట్లు ఇవ్వండి."

అంతే. ఓదెలుకు ఏమి జరిగిందో వెంటనే అర్థం కాలేదు. ఒక్క నంబరే అని ఉమాకాంత్ అన్నాడు. ఆ నియమం ఈ గదిలో లేదు. ఉందనుకొని రాత్రంతా నిద్రపోలేదు. సంచి ముడి విప్పి కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. ఆమె ఓపికగా చూశారు.

పదో తరగతి. డిగ్రీ. కులం. స్థానికత. ఆమె ఒక్కొక్కటి తిప్పి సంతకం పెడుతుంటే ఓదెలు కళ్లు లిస్టు మీదికి పోయాయి. తలకిందులుగా ఉన్నా చదవగలిగాడు. 58. రమ్య. ఇంటిపేరు కాగితం మడతలో పడింది.

"మేడం, ఆ యాభై ఎనిమిది..."

"రాలేదు."

"మెసేజ్ అందిందో లేదో."

"అందింది. డెలివర్డ్ అని ఉంది."

"నాది గూడ అట్లనే ఉండె మేడం."

ఆమె సంతకం సగంలో ఆపి, కళ్లద్దాల మీదుగా మొదటిసారి అతన్ని చూశారు. గోడ గడియారం చూశారు. నాలుగూ నలభై.

"ఐదింటి దాకా ఉంటా. వస్తే చూస్తా."

"నంబర్ ఇస్తే నేను ఫోన్ చేసి చూస్త."

"నంబర్లు ఇవ్వకూడదు." ఒక క్షణం ఆగి, తన బల్ల మీది ఫోన్ దగ్గరికి లాక్కొని ఆమే చేశారు. చెవి దగ్గర పెట్టుకొని విన్నారు. పెట్టేశారు. "కలవడం లేదు" అన్నారు. మిగిలిన సంతకం పూర్తి చేసి రసీదు ఇచ్చారు.

కింద గేటు దగ్గర సురేశ్, రాజకుమారి నిలబడి ఉన్నారు. రసీదు చూడగానే సురేశ్ దాన్ని లాక్కొని రెండుసార్లు చదివాడు.

"ఏది చెప్పినవ్ అన్న?"

"రెండూ."

"రెండూ చెప్పనిచ్చిండ్రా? మరి ఆ సారు ఎందుకు పరేషాన్ జేసిండు?"

"తెల్వదు."

"సరే తియ్. దా, చాయ్ తాగుదాం. ఇయ్యాల నువ్వే తాపియ్యాలె."

"మీరు పోండ్రి. వస్త."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఏదో ఉందని తెలిసి, అడగకుండా ముందుకు నడిచారు.

ఓదెలు గేటు పక్కన నిలబడ్డాడు. సన్నగా వాన మొదలైంది. సందులో జనం పోతున్నారు. ఎక్కడో రమ్య అనే అమ్మాయి ఉంది. ఆమె మెసేజ్ చేరింది. ఏ ఫోన్‌లోకి, ఏ ఊళ్లోకి, ఎవరు చూశారో తెలియదు. ఆమె ఇక్కడే అశోక్‌నగర్‌లో ఏదో గదిలో కూర్చొని, తన ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టుకొని ఉండవచ్చు. తెలిసి వచ్చినా, టోకెన్ లేకపోతే వాచ్‌మన్ మెట్ల దగ్గరే ఆపుతాడు. ఆమె నంబరు ఎంతో ఆఫీసు బయట తెలిసినవాడు తనొక్కడే.

ఒక అమ్మాయి పాలిథిన్ కవరులో ఫైలు పట్టుకొని సందులోకి తిరిగింది. తలుపుల మీది బోర్డులు చదువుకుంటూ వస్తోంది. ఓదెలు రెండడుగులు ముందుకు వేశాడు.

"రమ్యనా అమ్మా?"

"కాదన్న. ఇక్కడ బ్యాంకు కోచింగ్ యాడ?"

ఎదుటి మేడ చూపించాడు. ఆమె పోయింది.

వాచ్‌మన్ వచ్చి ఇనుప గేటు సగం లాగాడు. ఓదెలును చూసి ఆగాడు.

"నీ పని అయిపాయె గద. ఇంకేంది?"

"ఇంకొకరు రావాలె."

"ఎవరు?"

"ఒక ఆడపిల్ల."

"ఎట్లుంటది?"

"తెల్వదు."

వాచ్‌మన్ అతని ముఖం కొంచెంసేపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి టైము చూశాడు. ఐదుకు ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. గేటును అట్లాగే సగంలో వదిలి, వాన పడని చోట స్టూలు వేసుకొని కూర్చున్నాడు.